గ్లెన్‌గైల్: 79 ఏళ్లు చల్లారి మళ్లీ వెలిగిన బట్టీ పాతదా, కొత్తదా?

కింటైర్ బాటసారి
ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. గ్లాస్గోలో ఉంటున్నాను. పోయిన వారం నాలుగు రోజులు సెలవు దొరికితే క్యాంబెల్‌టౌన్ వెళ్లి వచ్చాను. స్కాట్లాండ్ పటంలో పడమటి వైపు ఏనుగు తొండంలా కిందికి వేలాడే కింటైర్ ద్వీపకల్పం ఉంది కదా, దాని కొసన ఉంటుంది ఆ ఊరు. బస్సులో నాలుగు గంటల పైమాటే. ఇన్వరేరీ, టార్బర్ట్ దాటాక కుడి పక్కన చాలాసేపు సముద్రం వెంటే వస్తుంది.

జనాభా ఐదు వేల లోపు. అంత చిన్న ఊళ్లో, 1885లో ఆల్‌ఫ్రెడ్ బర్నార్డ్ అనే ఆయన బ్రిటన్‌లోని విస్కీ కాచే డిస్టిలరీలన్నీ తిరుగుతూ వచ్చినప్పుడు, 21 డిస్టిలరీలు పనిచేస్తూ కనిపించాయట. వాటిలో ఇప్పుడు నడుస్తున్నవి మూడు. స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా, గ్లెన్‌గైల్. నేను చెప్పదలచుకున్నది మూడోదాని గురించి.

స్ప్రింగ్‌బ్యాంక్ మిచెల్ కుటుంబానిది. 1828లో మొదలైంది, 1837లో జాన్, విలియమ్ అనే అన్నదమ్ముల చేతికి వచ్చింది. కొన్నేళ్లకు ఇద్దరికీ చెడింది. కారణం విస్కీ కాదు, గొర్రెలు! వాళ్లకు వ్యవసాయం కూడా ఉండేది. మంద విషయంలో మాటా మాటా పెరిగి విలియమ్ బయటికి వచ్చేశాడట. వచ్చినవాడు ఏ దూరదేశమో పోలేదు. 1872లో పక్కనే సొంత డిస్టిలరీ కట్టుకున్నాడు. అదే గ్లెన్‌గైల్. పొద్దున లేస్తే ఒకరి పొగగొట్టం ఒకరికి కనిపించేంత దగ్గర.

1919లో దాన్ని వెస్ట్ హైలాండ్ మాల్ట్ డిస్టిలరీస్ అనే సంస్థకు అమ్మేశారు. 1925లో మూతపడింది. మిగిలిన పీపాలను వేలం వేశారు. ఆ తర్వాత ఆ కట్టడంలో తుపాకీ గురి సాధన చేసుకునే క్లబ్బు నడిచింది, రైతుల సహకార సంఘం గోదాము నడిచింది. 2000లో దాన్ని కొన్నది ఎవరనుకుంటున్నారు? స్ప్రింగ్‌బ్యాంక్ యజమాని హెడ్లీ రైట్. ఆయన మిచెల్ వంశంవాడే, విలియమ్‌కు సోదరుడి వైపు మునిమనవడి వరస. 2004 మార్చిలో మళ్లీ బట్టీ వెలిగింది. గొర్రెల దగ్గర విడిపోయిన రెండు ఇళ్లు 128 ఏళ్లకు ఒక యజమాని కిందికి వచ్చాయి.

నా ప్రశ్న ఇది. 79 ఏళ్లు ఒక్క చుక్క కూడా కాయని చోటును 1872 నాటి డిస్టిలరీ అనవచ్చా? లేక పాత గోడల మధ్య కొత్త వ్యాపారం అనాలా?

సందేహాల పుట్ట
ఆదివారం, రాత్రి 10.02

బాగా రాశారు. కానీ ఈ గొర్రెల కథ నాకు మింగుడు పడటం లేదు. ప్రతి పాత కంపెనీకీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. సందర్శకులకు చెప్పడానికి బాగుంటుంది కాబట్టి బతికిపోతుంది.

1872 అనే సంవత్సరాన్ని చూడండి. ఫ్రాన్స్‌లో ఫిలాక్సెరా పురుగు ద్రాక్షతోటల్ని తినేస్తున్న కాలం అది. కొన్నేళ్లకు బ్రాందీ కొరత వచ్చేసరికి ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్లు విస్కీ వైపు మళ్లారు. రకరకాల విస్కీలు కలిపి అమ్మే వ్యాపారులకు ఎంత సరుకైనా చాలని రోజులు. అలాంటప్పుడు పని తెలిసిన మనిషి సొంత డిస్టిలరీ పెట్టడానికి గొర్రెలు అవసరమా?

కింటైర్ బాటసారి
ఆదివారం, రాత్రి 10.20

మీ పేరు నిలబెట్టుకున్నారు. లెక్క మీరు చెప్పినట్టే ఉండవచ్చు. కానీ లాభం కోసమే అయితే ఇద్దరూ కలిసి స్ప్రింగ్‌బ్యాంక్‌నే పెంచుకోవచ్చు కదా? విడిపోయి మరీ పక్కనే కట్టాడంటే అందులో కొంత పంతం కూడా కలిసింది. మన ఊళ్లలో అన్నదమ్ములు పంచుకున్న ఇంటికి మధ్యలో లేచే గోడ చూడలేదా? అవసరం కంటే ఒక మూర ఎత్తే ఉంటుంది.

పాతచిట్టా
సోమవారం, ఉదయం 7.35

నేను ఆర్థిక చరిత్ర చదివినవాణ్ణి. బాటసారి గారు "1925లో మూతపడింది" అని ఒక్క ముక్కలో దాటేశారు. అసలు కథ అక్కడే ఉంది. గ్లెన్‌గైల్ ఒంటరిగా పోలేదు, ఊరంతా పోయింది.

క్యాంబెల్‌టౌన్‌కు కలిసి వచ్చినవి మూడు. చుట్టూ బార్లీ పొలాలు, పక్కనే డ్రమ్‌లెంబుల్ బొగ్గు గని, ఎదురుగా ఓడరేవు. పొద్దున పీపాలు ఓడకెక్కిస్తే గ్లాస్గో వ్యాపారికి చేరడం ఎంతసేపు? రైలు మార్గాలు బలపడేదాకా ఈశాన్య స్కాట్లాండ్‌లోని మరో విస్కీ ప్రాంతం, స్పేసైడ్ వాళ్లకు ఆ సౌకర్యం లేదు. రైలు అక్కడికి చేరాక వ్యాపారులు అక్కడి తేలిక రుచి వైపు మొగ్గారు. క్యాంబెల్‌టౌన్ సరుకు బరువుగా, నూనె జిడ్డుతో, పొగవాసనతో ఉండేది. పది రకాలు కలిపే చోట అది మిగతావాటిని మింగేసేది.

తర్వాత పన్ను. ఒక ప్రూఫ్ గ్యాలన్ (మద్యం బలాన్ని బట్టి లెక్కించే పాత కొలత) మీద మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 14 షిల్లింగుల 9 పెన్నీలు. 1918లో 30 షిల్లింగులు. 1919లో 50. 1920లో 72 షిల్లింగుల 6 పెన్నీలు. ఆరేళ్లలో దాదాపు ఐదింతలు! అదే 1920 జనవరిలో అమెరికా మద్య నిషేధం అమల్లోకి వచ్చింది. అదే దశకంలో బొగ్గు గని కూడా మూతపడింది. ఇన్ని దెబ్బలకు తట్టుకోవాలంటే వెనక పెద్ద డబ్బు ఉండాలి. ఇవన్నీ కుటుంబాలు నడిపిన చిన్న చిన్న డిస్టిలరీలు. 1919లో వెస్ట్ హైలాండ్ సంస్థ కొన్నింటిని కలిపి కాపాడుకోవాలనుకుంది, కుదరలేదు. ఆ ప్రయత్నం వెనక ఉన్న డంకన్ మెకాలమ్ స్కోషియా (ఇప్పటి గ్లెన్ స్కోషియా) డిస్టిలరీ యజమాని కూడా. ఆయన 1930లో ఊరి పైనున్న క్రాస్‌హిల్ లాక్ అనే సరస్సులో దూకి చనిపోయాడని చెబుతారు. 1934లో రీక్లాకన్ కూడా ఆగిపోయాక ఊళ్లో మిగిలినవి రెండే.

గోదావరి గట్టు
సోమవారం, ఉదయం 8.15

పాతచిట్టా గారూ, చేపల పీపాల సంగతి మరిచిపోయారు! హెర్రింగ్ చేపలు నిల్వ చేసిన పీపాల్లోనే విస్కీ నింపేశారనీ, అందుకే క్యాంబెల్‌టౌన్ సరుకు కంపుకొట్టి పేరు పోయిందనీ ఎక్కడో విన్నాను. ఎండుచేపల వాసన మాకు కొత్త కాదు కాబట్టి అడుగుతున్నాను.

పాతచిట్టా
సోమవారం, ఉదయం 8.50

మరిచిపోలేదు, కావాలనే వదిలేశాను. ఆ ఊరు చేపలకు కూడా పెట్టింది పేరు కాబట్టి రెండింటినీ ముడివేయడం ఎవరికైనా సులువే. గిరాకీ ఎక్కువగా ఉన్న రోజుల్లో కొందరు తొందరపడి నాసిరకం సరుకు తీశారన్నది నమ్మదగ్గ మాట. దానికి చేపను తగిలించింది పోటీదారుల నోరే అయి ఉంటుందని నా ఊహ. చేప కొవ్వు పట్టిన చెక్కలో పోసి మూడేళ్లు దాచిపెట్టేంత తెలివితక్కువ వ్యాపారి ఉంటాడా, చెప్పండి.

రాగిబిందె
సోమవారం, మధ్యాహ్నం 1.25

కెమికల్ ఇంజనీరుగా ఒక మాట. అసలు ప్రశ్నకు నా జవాబు: ఇది కొత్త డిస్టిలరీయే. ఎందుకంటే లోపల ఉన్న సామాను ఏదీ అక్కడిది కాదు.

రెండు రాగి బట్టీలు ఉన్నాయి. అవి బెన్ వివిస్ నుంచి వచ్చాయి. ఉత్తరాన ఇన్వర్‌గోర్డన్ అనే పెద్ద ధాన్యపు డిస్టిలరీ ఆవరణలో 1965 నుంచి 1977 దాకా నడిచి ఆగిపోయిన చిన్న మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) డిస్టిలరీ అది. బార్లీని పిండి చేసే మర క్రెయిగెలాకీ డిస్టిలరీది. పులియబెట్టే నాలుగు చెక్క తొట్లు కొత్తగా చేయించినవి. అంటే ఇల్లు కట్టుకుని, తలుపులూ కిటికీలూ పాత సామాను దుకాణంలో కొన్నట్టు.

ఇక్కడ బట్టీ ఆకారం గురించి చెప్పాలి. పులిసిన ఊటను మొదటి బట్టీలో కాచి, వచ్చినదాన్ని రెండో బట్టీలో మళ్లీ కాస్తారు. ఆవిరి పైకి లేచి, మెడ దాటి, పక్కకు తిరిగిన గొట్టంలోంచి చల్లబరిచే చోటికి పోవాలి. ఆ గొట్టం పైకి వాలి ఉంటే బరువైన ఆవిరి దాటలేక వెనక్కి జారి మళ్లీ మరుగుతుంది. అంతసేపూ రాగిని తాకుతూ గంధకపు వాసన వదిలించుకుంటుంది. కిందికి వాలి ఉంటే బరువైనవి కూడా దాటి వచ్చేస్తాయి, సరుకు చిక్కగా ఉంటుంది. గ్లెన్‌గైల్‌కు తెచ్చాక ఈ బట్టీల భుజాలను గుండ్రంగా మలిచి, గొట్టాన్ని పైకి వాల్చారు. కావాలనే తేలిక రకాన్ని ఎంచుకున్నారన్నమాట. పాతచిట్టా గారు చెప్పిన ఆ పాత జిడ్డు రుచిని తిరిగి తేవాలనుకుంటే ఇలా చేసేవారా?

సందేహాల పుట్ట
సోమవారం, మధ్యాహ్నం 2.05

రాగిబిందె గారితో ఏకీభవిస్తున్నాను. ఈ తేదీని రాసిపెట్టుకోండి, నాకు ఇది అరుదు.

వంకాయతోట
సోమవారం, సాయంత్రం 6.30

క్షమించాలి, కొంచెం చేదుగా మాట్లాడతాను. మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించడానికి ఎంత పోరాడారో మా అమ్మ చెబుతుంటే పెరిగాను. మన దగ్గర నాటుసారా కాస్తే పోలీసులు ఊటను నేల పాలు చేస్తారు, అక్కడ కాస్తే చరిత్ర అంటారు. ఈ తేడా ఏమిటో నాకు అర్థం కాదు.

కింటైర్ బాటసారి
సోమవారం, సాయంత్రం 7.10

వంకాయతోట గారూ, చేదు ఏమీ లేదు, న్యాయమైన మాటే. కింటైర్‌లో కూడా చట్టబద్ధమైన డిస్టిలరీల కంటే ముందు దొంగ బట్టీలే ఉండేవి. 1823 చట్టంతో లైసెన్సు రుసుము, పన్ను తగ్గించాక కొండల్లో కాచేవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లోకి వచ్చి బోర్డు పెట్టుకున్నారు. క్యాంబెల్‌టౌన్ డిస్టిలరీల్లో చాలావరకు ఆ తర్వాతి పది, పదిహేనేళ్లలో పుట్టినవే. నాటుసారాకూ చరిత్రకూ మధ్య ఉన్నది ఒక లైసెన్సు కాగితమే అంటే, కాదనలేను.

పాతచిట్టా
సోమవారం, రాత్రి 8.00

దానికి ఒక తోక తగిలిస్తాను. మద్యం వద్దన్న ఊళ్లు స్కాట్లాండ్‌లోనూ ఉన్నాయి. 1913 చట్టం ప్రకారం ఊరి జనం ఓటు వేసి దుకాణాలు మూయించవచ్చు. ఆ ఓట్లు 1920లో మొదలయ్యాయి. గ్లాస్గో పక్కనున్న కిర్కింటిలాక్ అలా 1920లలో మూయించి, 1960ల చివరిదాకా దుకాణాలు లేకుండానే గడిపింది.

ఇక్కడ ఒక వింత ఉంది. 1920లో మసతాకా తకెత్సురు అనే జపాన్ యువకుడు క్యాంబెల్‌టౌన్‌లోని హేజెల్‌బర్న్ డిస్టిలరీలో కొన్ని నెలలు పని నేర్చుకున్నాడు. అప్పుడు నేర్చుకున్న విద్యే జపాన్ విస్కీకి పునాది. 1934లో యోయిచిలో సొంత సంస్థ పెట్టాడు, అదే ఇప్పటి నిక్కా. ఆయన స్కాట్లాండ్‌లో పెళ్లి చేసుకున్న రీటా కోవన్‌ది ఏ ఊరో తెలుసా? కిర్కింటిలాక్!

వంకాయతోట
సోమవారం, రాత్రి 8.25

అత్తగారి ఊళ్లో దుకాణమే లేని అల్లుడు! సరే, చదువుతూ ఉంటాను. తాటిచెట్టు కింద పాలు తాగుతున్నాననుకోండి.

గోదావరి గట్టు
మంగళవారం, ఉదయం 9.00

బాటసారి గారూ, నాకు అర్థం కాని విషయం ఒకటి. డిస్టిలరీ పేరు గ్లెన్‌గైల్. దుకాణంలో చూస్తే సీసా మీద కిల్‌కెరన్ అని ఉంటుంది. ఎందుకు?

కింటైర్ బాటసారి
మంగళవారం, ఉదయం 9.45

ఎందుకంటే సొంత పేరే చేజారిపోయింది. డిస్టిలరీ మూతపడి ఉన్న కాలంలో "గ్లెన్‌గైల్" అనే వాణిజ్య నామం వేరే చేతుల్లోకి వెళ్లి, ఒక హైలాండ్ విస్కీ సీసా మీదికెక్కింది. రైట్ గారు డిస్టిలరీని తెరిచేనాటికి అది లాక్ లోమండ్ అనే మరో విస్కీ సంస్థ దగ్గర ఉంది. గోడలు కొనుక్కున్నారు కానీ ఆ గోడల పేరుతో సరుకు అమ్ముకునే హక్కు లేదు. చూశారా విచిత్రం!

దాంతో ఊరి పాత పేరు వెతుక్కున్నారు. గేలిక్ భాషలో క్యాంబెల్‌టౌన్‌ను కియరాన్ ముని గుడి ఉన్న సరస్సు తల అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ ఆశ్రమం కట్టుకున్నాడని చెప్పుకునే 6వ శతాబ్దపు సాధువు ఆయన. కిల్‌కెరన్ అంటే కియరాన్ గుడి. ఆయన గుడి, విలియమ్ గోడలు, బెన్ వివిస్ బట్టీలు, క్రెయిగెలాకీ మర. రాగిబిందె గారూ, మీ పక్షం బలపరుస్తున్నట్టున్నాను కదా?

రాగిబిందె
మంగళవారం, ఉదయం 10.15

మీరే నా సాక్షి.

పాతచిట్టా
మంగళవారం, రాత్రి 9.20

నేను మాత్రం అటువైపు లేను. అసలు దీన్ని ఎందుకు తెరిచారో చూడండి. వాడుకలో ఉన్న కథ ఇది. 1990ల చివర ఊళ్లో రెండే డిస్టిలరీలు మిగిలాయి. రెండింటి కోసం క్యాంబెల్‌టౌన్‌ను ప్రత్యేక విస్కీ ప్రాంతంగా లెక్కించడం ఎందుకని స్కాచ్ విస్కీ అసోసియేషన్‌లో మాట వచ్చింది. అప్పుడు రైట్ గారు దక్షిణ స్కాట్లాండ్‌లోని లోలాండ్స్ వైపు వేలు చూపించారట. అక్కడ నడుస్తున్నవి మూడే, అయినా దాన్ని ప్రాంతం అంటున్నారు. అయితే మాకూ మూడు ఉంటే సరిపోతుంది కదా అని, పక్కనే ఖాళీగా పడి ఉన్న గ్లెన్‌గైల్‌ను కొన్నారు.

ఇలా తెరిచిన డిస్టిలరీ పాతదే అవుతుంది. ఎందుకంటే ఇది చేసే పని పాత ఊరి తరఫున హాజరు పలకడం.

సందేహాల పుట్ట
మంగళవారం, రాత్రి 9.50

మళ్లీ కథ! కాగితం మీద ఉన్నది చూద్దాం. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల్లో హైలాండ్, లోలాండ్, స్పేసైడ్ అనేవి ప్రాంతాలు. క్యాంబెల్‌టౌన్, ఐలే మాత్రం స్థలాలు. ఐదు పేర్లకూ రక్షణ ఒకటే. కానీ ఆ నిబంధనల్లో ఎక్కడా "మూడు ఉంటేనే" అన్న షరతు లేదు. ఒకటి ఉన్నా, ముప్పై ఉన్నా క్యాంబెల్‌టౌన్ క్యాంబెల్‌టౌనే.

పాతచిట్టా
మంగళవారం, రాత్రి 10.10

నిబంధన వచ్చింది 2009లో. కొన్నది 2000లో. ఆ తొమ్మిదేళ్లూ ఆయనకు ఈ రక్షణ వస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? ఇప్పుడు గొడుగు ఉంది కదా అని, అప్పుడు వాన పడలేదంటే ఎలా?

సందేహాల పుట్ట
మంగళవారం, రాత్రి 10.18

గొడుగు మాట బాగుంది. సగం ఒప్పుకుంటున్నాను.

రాగిబిందె
బుధవారం, మధ్యాహ్నం 12.40

నడుపుతున్న తీరు కూడా చెప్పుకోవాలి. నాకు అన్నింటికంటే నచ్చినది అదే. గ్లెన్‌గైల్‌కు ఏటా 7.5 లక్షల లీటర్ల మద్యసారం తీసే శక్తి ఉంది. తీసేది లక్ష లీటర్ల అటూ ఇటూ. ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తుంది. స్ప్రింగ్‌బ్యాంక్ పనివాళ్లే ఇటు వచ్చి కాస్తారు, పని ముగిశాక తాళం వేసి అటు వెళతారు. బార్లీ మొలకెత్తించేది కూడా స్ప్రింగ్‌బ్యాంక్‌లోనే. అక్కడ ఇప్పటికీ తడిసిన గింజల్ని నేల మీద పరిచి, చెక్క పారలతో తిరగేస్తారు. స్కాట్లాండ్‌లో తమకు కావలసిన మాల్ట్ మొత్తాన్ని ఇలా చేసుకునే డిస్టిలరీలు చాలా అరుదు.

ఏ మేనేజరును అడిగినా ఆ ఆరున్నర లక్షల లీటర్ల ఖాళీ చూసి గుండె పట్టుకుంటాడు. వీళ్లకు పట్టదు. బయట వాటాదారులు లేకపోతే ఉండే హాయి అది.

గోదావరి గట్టు
బుధవారం, మధ్యాహ్నం 1.30

మరి 2004లో కాచినది అమ్మేదాకా ఏం తిన్నారు?

రాగిబిందె
బుధవారం, మధ్యాహ్నం 2.00

అక్కే పెట్టింది అన్నం, స్ప్రింగ్‌బ్యాంక్! చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో మూడేళ్లు ఉంటే తప్ప దాన్ని స్కాచ్ అనకూడదు. మూడేళ్లు నిండగానే అమ్మేసేవాళ్లు చాలామంది. వీళ్లు 2009లో ఐదేళ్ల వయసు సరుకును "పని జరుగుతోంది" అనే అర్థం వచ్చే పేరుతో సీసాలకెక్కించారు. అలా ఏడాదికొకటి చొప్పున 2015 దాకా ఏడు విడతలు. చేతికి రాని సరుకును చేతికి రాలేదని సీసా మీదే ఒప్పుకోవడం! 12 ఏళ్ల సీసా 2016లో వచ్చింది. బలం 46 శాతం. పది పీపాల్లో ఏడు అంతకుముందు బోర్బన్ (అమెరికా విస్కీ) నింపినవి, మూడు షెర్రీ (స్పెయిన్ ద్రాక్ష సారాయి) నింపినవి. చల్లబరిచి వడగట్టడం లేదు, రంగు కలపడం లేదు.

ఈ పునర్నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకున్నది ఫ్రాంక్ మెక్‌హార్డీ. అంతకుముందు ఉత్తర ఐర్లండ్‌లోని బుష్‌మిల్స్ డిస్టిలరీలో మేనేజరుగా ఉండి, మళ్లీ స్ప్రింగ్‌బ్యాంక్‌కు వచ్చిన మనిషి.

వంకాయతోట
బుధవారం, సాయంత్రం 5.15

తాగనిదాన్ని నేను, తీర్పు చెప్పవచ్చా? బట్టీ వేరే ఊరిది. పేరు వేరే వాళ్లది. నడిపేవాళ్లు పక్కింటివాళ్లు. రుచి కూడా పాతది కాదంటున్నారు. మరి పాతది అనడానికి మిగిలింది ఏమిటి? గోడలేనా?

గోదావరి గట్టు
బుధవారం, రాత్రి 7.40

నీళ్లు!

పాతచిట్టా గారు చెప్పిన క్రాస్‌హిల్ లాక్ నీళ్లే కదా ఆ ఊరి డిస్టిలరీలు వాడేది? 1872లో విలియమ్ ఊట కలిపింది ఆ నీళ్లతోనే, ఇప్పుడు కలుపుతున్నదీ ఆ నీళ్లతోనే. మా వైపు కాలువ కింద పొలం ఎన్ని చేతులు మారినా, పేరు మారినా, అది ఫలానా తూము కింది చేనే. శిస్తు పుస్తకంలో కూడా అలాగే ఉంటుంది.

రాగిబిందె
బుధవారం, రాత్రి 8.05

ఇంజనీరుగా చెప్పాలంటే, చివరి రుచిలో నీటి పాత్ర చాలా చిన్నది. కానీ మీరు అడిగింది రుచి గురించి కాదని అర్థమైంది. నోరు మూసుకుంటున్నాను.

సందేహాల పుట్ట
బుధవారం, రాత్రి 8.30

అయితే ఆ లెక్కన మూతపడిన డిస్టిలరీలన్నీ ఇంకా సగం బతికే ఉన్నట్టు. సరే, బాటసారి గారూ, ఆ సరస్సు ఎలా ఉంది? ఫోటో ఉంటే పెట్టండి.

కింటైర్ బాటసారి
బుధవారం, రాత్రి 9.55

అదే నా తలనొప్పి. మూడు డిస్టిలరీల గుమ్మాలూ తొక్కాను, రేవులో ఒకప్పుడు హెర్రింగ్ పడవలు కట్టిన చోట నిలబడ్డాను, నీళ్లు తగ్గే వేళ చూసి దవార్ దీవికి రాళ్ల దారిన నడిచి కూడా వెళ్లాను. ఊరి వెనకే గుట్ట కింద ఉన్న ఆ సరస్సుకు మాత్రం పోలేదు. మెకాలమ్ కథ అక్కడ ఎవరో చెప్పబోతుంటే, బస్సుకు వేళైందని లేచి వచ్చేశాను.

వసంతంలో మళ్లీ వెళతాను. ఈసారి ముందు గుట్ట, తర్వాతే గుమ్మాలు. గోదావరి గట్టు గారూ, ఒక సీసా నీళ్లు పట్టి తేవాలా?

గోదావరి గట్టు
బుధవారం, రాత్రి 10.03

నీళ్లు ఎందుకండీ, పన్నెండేళ్లు ఆగినవే తెండి.